బాపు ఉండగానే మీసం పోయింది

పక్షవాతం బాపు కుడి చెయ్యిని పడేసింది. మాట సగం మిగిలింది. గడ్డం మాత్రం ఆగలేదు. మార్కెట్ యార్డులో పసుపు తూకం వేసినన్నాళ్లూ ఆయన చెంప మీద మాసిన వెంట్రుక నేను చూడలేదు. పొద్దున్నే దర్వాజ గొళ్లానికి పాత తోలు బెల్టు తగిలించి, మంగలి కత్తిని దాని మీద అటూ ఇటూ తిప్పి, తన గడ్డం తానే గీసుకునేవాడు. ఇంకొకరి చెయ్యి తన మొహం మీద పడనిచ్చిన మనిషి కాదు.

దవాఖాన నుంచి వచ్చాక నేను తెచ్చిన ప్లాస్టిక్ రేజర్ చూసి గోడవైపు తిరిగాడు. సెలూన్ నుంచి మనిషిని పిలిపిస్తే పళ్లు బిగబట్టుకుని పడుకున్నాడు. ముందు అద్దం వద్దన్నాడు, తర్వాత అన్నం వద్దన్నాడు. అమ్మ పెట్టిన ముద్ద మింగకుండా బుగ్గన ఉంచుకునేవాడు. ఇలాగే ఉంటే మనిషి దక్కడని డాక్టరు నన్ను కసిరాడు, తినకపోవడం నేనేదో నేర్పినట్టు. నాకు ఏడుపూ వచ్చింది, బాపు మీద ఒళ్లు మండే కోపమూ వచ్చింది. ఏం కావాలో చెప్పమని గట్టిగా అడిగాను. ఆయన ఎడమ చేత్తో గూట్లోని కత్తిని చూపించాడు.

"నువ్వే గియ్యాలె. గా కత్తితోని."

పెర్కిట్‌లో నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. వెంట్రుక కన్నా సన్నని తీగను అతికించే చెయ్యి నాది, గడ్డం గీయడం ఓ లెక్కా అనుకున్నాను. ఆ పొగరు మొదటి రోజే దిగింది. బెల్టు మీద కత్తిని మొద్దు వైపు ముందు పెట్టి లాగాలి. నేను పదును ముందు పెట్టి తోశాను, తోలు నిలువునా చీరుకుపోయింది. బాపు మంచం మీద నుంచి చూసి కళ్లు మూసుకున్నాడు.

ఆయన గొంతు మీద నేర్చుకునే ధైర్యం లేక నా మొహాన్నే పణంగా పెట్టాను. చర్మాన్ని ఒక చేత్తో బిగబట్టాలి, కత్తిని చెంప మీద దాదాపు పడుకోబెట్టి నడపాలి. నేను నిలబెట్టేవాణ్ని. దవడ కింద ఒక కోత, పెదవి కింద గదవ మీద ఒక కోత. పసుపుకు కరువులేని ఊరు కదా, తెగిన చోటల్లా అమ్మ పసుపు అద్దేది. షాపుకు వచ్చినవాళ్లు నా పచ్చటి మొహం చూసి ఈ వయసులో మళ్లీ పెండ్లా అని నవ్వేవారు. ఇంట్లో బాపు చిక్కిపోతుంటే నాకు ఆ నవ్వులు ముళ్లలా గుచ్చుకునేవి.

ఒకరోజు పొద్దున ఆయన జావ కూడా ఉమ్మేశాడు. ఇవాళ ఎట్లాగైనా గీసి తీరాలని, చెయ్యి సాపు చేసుకోవడానికి అద్దం ముందు కూర్చున్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నట్టే అయింది. మీసం పక్కన అంచు తీస్తుంటే లోపల బాపు దగ్గాడు, నేను తల తిప్పాను. సగం మీసం నీళ్ల గిన్నెలో పడింది.

మా దగ్గర తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయడు. తండ్రికి కర్మ చేసిన రోజే తీస్తాడు. సగం మీసంతో బయటికి పోలేను, ఉన్నది అతికించలేను. మిగతాది కూడా తీసేశాను. అద్దంలో తండ్రి లేనివాడు కనిపించాడు. అమ్మ చూసి, చేతిలో బీడీల చాట కింద పెట్టింది.

"మీ బాపు సూస్తే ఏమనుకుంటడు బిడ్డా. కొడుకు గూడ ఆశ ఇడిసిండనుకుంటడు."

కరోనా అప్పటి మాస్కు వెతికి కట్టుకున్నాను. బాపు అనుమానంగా చూశాడు. సర్ది అని చెప్పి షాపుకు పారిపోయాను.

చాయ్ తాగడానికి మాస్కు దించాను, అంతే. రోడ్డుకు అవతల ఆటోలో కూర్చున్న చాచా నన్ను చూశాడు. ఆయన యార్డులో బాపుతో పాటు బతుకంతా గడిపిన హమాలీ. చెయ్యి ఊపబోయినవాడల్లా నా మొహం చూసి ఆగిపోయాడు, భుజం మీది రుమాలు కళ్లకు అద్దుకున్నాడు. నేను కేకేసేలోపు ఆటో మా ఇల్లున్న ఆర్మూర్ దిక్కు కదిలింది. మాస్కు పైకి లాక్కుని, బండి తీసి వెంటపడ్డాను. నాకన్నా ముందు చాచా మా ఇంటికి చేరితే బాపుకు అంతా తెలిసిపోతుందని, ఇక బాపు ముద్దకు నోరు తెరవడని, దారంతా హారన్ కొడుతూనే పోయాను.

అప్పటికే ఆలస్యమైంది. గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. లోపల బాపు గదవ దాకా దుప్పటి కప్పుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. చాచా మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ చప్పుడుకు బాపు మేలుకుని, ఎడమ చెయ్యి ఆయన తల మీద వేశాడు. చాచా అదిరిపడి వెనక్కి కూలబడ్డాడు. తేరుకుని నా వైపు వేలు చూపించాడు.

"గీడు మీసం తీసిండు భాయ్. నేనేమనుకోవాలె?"

బాపు మాస్కు తీయమని సైగ చేశాడు. తీశాను. నేర్చుకుంటుంటే చెయ్యి జారిందని, నీకోసమేనని ఏదేదో చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా బోసి పెదవిని, పసుపు అంటిన కోతలను ఆయన ఒక్కొక్కటిగా చూశాడు. గోడవైపు తిరుగుతాడని ఎదురుచూశాను. తిరగలేదు.

"సచ్చినంక గీస్తవా?" అన్నాడు. మాట ముద్దగా వచ్చినా నాకు ప్రతి అక్షరం వినబడింది. "గిప్పుడే గియ్యి."

తల వెనక్కి వాల్చి గొంతు ఇచ్చాడు. చాచా మంచం మీద కూర్చుని ఆ తలను రెండు చేతులతో పట్టుకున్నాడు. సబ్బు నురగ రాసి కత్తి ఆనించాను. పదును కింద నరం కొట్టుకోవడం నా వేళ్లకు తెలుస్తోంది. భయంతో రెండుసార్లు కత్తి తీసేశాను, ఆయన కళ్లు తెరవకుండానే ఆగాడు. ఒక చెంప అయింది, రెండోది అయింది. కత్తి పెదవి దగ్గరికి రాగానే బాపు ఎడమ చెయ్యి లేపి తన మీసం మూసుకున్నాడు.

నేను కత్తి మడిచేదాకా ఆ చెయ్యి తీయలేదు. తర్వాత అమ్మను అన్నం అడిగాడు.