ఒకటికి పర్మిషన్

మిలిటరీలో నాకు ఒక్క పతకమూ రాలేదు. మూర్ఖత్వానికీ ఇచ్చే పనైతే, రిటైరయ్యాక గోదావరిఖనిలో తప్పక వచ్చేది.

మే నెలలో డ్యూటీలో చేరాను. ఓపెన్‌కాస్టు గని అంచున, పేలుడు మందు దాచే గోదాముకు కాపలా. దాన్ని మాగజైన్ అంటారు. తీరిగ్గా తిరగేసే రకం కాదు. రేకుల గది, ముళ్లకంచె, ఒక వాకీటాకీ. చెట్టు లేదు. వేడికి బూట్ల అడుగులు మెత్తబడేవి. మరుగుదొడ్డి కంచె అవతల. ఎవరు తన చోటు వదలాలన్నా వాకీటాకీలో కంట్రోల్ రూమును అడగాలి. నేను వెళ్తే, పక్క క్యాబిన్‌లోని ఇన్‌ఛార్జి వచ్చి గేటు దగ్గర నిలబడాలి. అడిగిన మాట గనంతా వింటుంది.

మొదటి రోజు అడిగాను. "కంట్రోల్, మాగజైన్ నుంచి. ఒకటికి పోవాలె."

"గప్పుడేనా? మిలిటరోనివా, కారే మున్సిపల్ నల్లావా?" అన్నాడు ఇన్‌ఛార్జి. నాకంటే ముందు రిటైరైన హవల్దారు. వాకీటాకీ నిండా నవ్వులు.

మర్నాటి నుంచి నీళ్లు మానేశాను. నిండుగా వెళ్లిన బాటిల్ నిండుగానే ఇంటికొచ్చేది. దాహాన్ని గెలిచాననుకున్నాను. మూత్రం చిక్కటి టీ రంగుకు, తర్వాత ఎరుపుకు మారింది. ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం బ్లాస్టింగు సైరన్ మోగింది. అప్పుడే ఎడమ నడుములో నొప్పి దిగింది. కంచె పట్టుకుని కూలబడ్డాను. నేల అదిరింది. ఏ అదురు గనిదో, ఏది నాదో తెలియలేదు.

దవాఖానలో డాక్టరమ్మ స్కాను మీంచి తల ఎత్తలేదు. "రాయి మూత్రనాళంల ఇరుక్కుంది. వెనక కిడ్నీ ఉబ్బింది. ఇంకా ఆగితే అది దక్కదు అన్నా."

"కోస్తరా మేడం?"

"కొయ్యం. మూత్రం వచ్చే దారినే కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపుతం."

శత్రువు ఆ దారిన వస్తాడని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

వెన్నులో సూది వేశారు. కాళ్లు నావి కాకుండా పోయాయి. పక్కన తెర మీద తడి గోడల సొరంగం. చివర పసుపు రాయి, దీపం వెలుగులో, దారి మూసి, నా కోసమే కాచుకున్నట్టు. లేజర్ చిటపటలాడింది. రాయి పగిలింది. వెనక నుంచి మసక నీరు వచ్చి తెరను కమ్మేసింది.

"జరంత ఆలస్యమైతే కిడ్నీ పోతుండె," అంది డాక్టరమ్మ.

లోపల ఒక సన్నటి గొట్టం వదిలారు. కొన్ని వారాలకు అదే దారిన తీశారు. కిడ్నీ దక్కింది.

తిరిగి మాగజైన్‌కు వచ్చాను, రెండు బాటిళ్లతో. గంటగంటకూ పర్మిషన్ అడిగాను. అడిగినప్పుడల్లా ఇన్‌ఛార్జి వచ్చి ఎండలో నిలబడ్డాడు. ఒకసారి తిరిగొస్తూ ఆయన్ను చూశాను. పెదాలు పగిలాయి. ఒక చెయ్యి నడుం మీద ఉంది. ఆ పసుపు రాయి మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఇప్పటికీ వస్తుంది.

బాటిల్ అందించాను. "తాగన్నా. తాగితేనే మళ్ల గేటు డ్యూటీ తీసుకుంట."

"ఏందిరా నీ లొల్లి," అంటూనే ఖాళీ చేశాడు.

కాసేపటికి వాకీటాకీ గరగరలాడింది. గొంతు బాగా తగ్గించాడు. "కంట్రోల్... ఇన్‌ఛార్జి మాట్లాడుతున్న. ఒకటికి..."

మీట నొక్కాను. "గప్పుడేనా, హవల్దార్ సాబ్?"