బిడ్డనెత్తుకున్న మగాడి బొమ్మ

పోయిన బుధవారం మధ్యాహ్నం ఆంటీ వాళ్ళ అల్లుడు గారు ఫోన్ చేశారు. "అత్తయ్య గారు పోయారు" అని ఊరుకున్నారు. మాటలకు ఎప్పుడూ కరువులేని మనిషి ఆయన.

కాన్‌బెర్రా తెలుగువాళ్ళకి ఆవిడ ఆంటీ, అంతే. పేరు నాకే చాలా ఆలస్యంగా తెలిసింది. ఇక్కడ రాయను. తను గీసిన బొమ్మల కింద కూడా ఆవిడ పేరు పెట్టుకునేవారు కాదు. "ఎవరు గీశారో తెలిస్తే జనం గీత చూడ్డం మానేస్తారు" అనేవారు. ఈ మధ్య వచ్చినవాళ్ళు ఆవిణ్ణి చక్రాల కుర్చీలో, మెడకు మఫ్లర్‌తో చూసి ఉంటారు. నేను చెప్పబోయేది అంతకు ముందు మనిషి సంగతి. ఆ మనిషి అంటే నాకు చాలా ఇష్టం, కొంచెం భయం కూడా.

తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి, భర్త పోయాక కూతురి దగ్గరికి, కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌కి వచ్చేశారు. అప్పటి గంగాలిన్ సగం ఇళ్ళు, సగం మట్టి. ఇప్పటి ట్రామ్ లేదు, నీడ లేదు, కర్రలకు కట్టిన మొక్కలు గాలికి ఊగుతుండేవి. ఆ గాలిలో చీర మీద జిప్ జాకెట్టు, కాళ్ళకు మనవడి స్పోర్ట్స్ షూ, ముడిలో గుచ్చిన పెన్సిల్‌తో ఒక్కరే నడిచేవారు. పెన్సిల్‌ను బ్లేడుతోనే చెక్కుకునేవారు. షాపుల ప్రకటనలు పోస్టులో వస్తే వెనకవైపు ఖాళీ ఉందేమో చూసి దాచేవారు. రబ్బరు మాత్రం వాడగా నేను చూడలేదు. గీత తప్పితే ఆ తప్పునే ముక్కో చెట్టుకొమ్మో చేసేవారు.

మా కథ మీకు తెలిసిందే. వైటూకే పేరు చెప్పి మా సాఫ్ట్‌వేర్ వాళ్ళని ఇక్కడ గంపలకొద్దీ దింపారు. కంప్యూటర్లు తేదీ మరిచిపోయి లోకం మునిగిపోతుందన్నారు. తీరా రెండువేల సంవత్సరం జనవరి ఒకటి వచ్చింది. లిఫ్టులు ఆగలేదు, విమానాలు కూలలేదు. కూలినవి మా కాంట్రాక్టులే. రెండు నెలల్లో సగంమంది ఇళ్ళల్లో కూర్చున్నాం. నాది కంపెనీ ఇప్పించిన వీసా. ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ పూచీ పడాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. మా ఆవిడకు ఒక టైల్స్ షాపులో అకౌంట్స్ పని దొరికింది. పొద్దున్నే ఆవిడ బస్సెక్కేది. నేను ఏడాది నిండని మా వాణ్ణి చంకనేసుకుని కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేవాణ్ణి.

అల్లుడు గారికి చిన్న కన్సల్టెన్సీ ఉండేది. మాలో చాలామందిని ఉద్యోగాల్లో పెట్టింది ఆయనే, తెలుగు సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. చెడ్డవాడు కాదు. మేం దిగిన రోజు దుప్పట్లు, బియ్యం కారులో వేసుకొచ్చి ఇచ్చిన మనిషి. కాకపోతే ఇచ్చేవాడి మాటకు ఎదురుండదని అలవాటు పడ్డారు.

సంఘంలో ఇంటికొక ఓటు. ఇంటి పెద్ద చెయ్యెత్తాలి. పండగ వంట రెండ్రోజులు ఆడవాళ్ళు చేస్తే, వాళ్ళు లోపల గరిటెలు తిప్పుతుండగా బయట తీర్మానాలన్నీ అయిపోయేవి. ఒక ఆదివారం అల్లుడు గారి పెరట్లో బార్బెక్యూ దగ్గర ఆంటీ ఉన్నట్టుండి అడిగారు.

"ఇంటికొక ఓటంటున్నారు. ఇంట్లో ఎవరిదండీ?"

అందరూ నవ్వారు. అల్లుడు గారు కూడా నవ్వుతూనే, "ఇదేమన్నా పార్లమెంటా అత్తయ్య గారూ? ఇంటికి రెండు ఓట్లయితే ఇల్లు రెండవుతుంది" అన్నారు.

ఆంటీ నవ్వలేదు. మనిషికొక ఓటు ఉండాలని నెల తిరక్కుండానే ఆడవాళ్ళంతా కలిసి సంఘానికి రాసిచ్చారు. రూలు మార్చాలంటే ఉగాది సభలో ఓటు పెట్టాలి. ఆ ఓటు ఉన్నది మగవాళ్ళకే. ఆడవాళ్ళకు ఓటు ఉండాలా అని మగవాళ్ళం చేతులెత్తి చెప్పాలన్నమాట. పైగా ఆవిడ ఉంటున్నది అల్లుడి ఇంట్లో. మా అమ్మమ్మయితే అల్లుడు వరండాలోకొస్తే తలుపు చాటుకు వెళ్ళేది.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక ప్రదర్శన పెట్టారు. వందేళ్ళ క్రితం ఆస్ట్రేలియాలో ఆడవాళ్ళు ఓటు అడిగినప్పుడు పేపర్లలో వచ్చిన కార్టూన్లు. "నీకెలాగూ పని లేదుగా, తీసుకెళ్ళు నాయనా" అన్నారు ఆంటీ. ఆ మాట ఇంకెవరన్నా అనుంటే గొడవయ్యేది. మా వాణ్ణి తోపుడు బండిలో వేసుకుని వెళ్ళాం. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, కింద రాసిన ముక్కలు నేను చెప్పేవాణ్ణి. గొడుగు పట్టుకుని పోలీసు మీదికి దూకే ఆడమనిషి. ఆడవాళ్ళు సభలో కూర్చుని టోపీల గురించి చర్చిస్తున్న బొమ్మ. ఒకదాంట్లో భార్య ఓటుకని ముస్తాబై వీధిలోకి పోతుంటే, మొగుడు ఏప్రాన్ కట్టుకుని ఏడ్చే బిడ్డతో కుస్తీ పడుతున్నాడు. పొయ్యి మీద గిన్నె పొంగిపోతోంది. పిల్లి పాలు తాగేస్తోంది.

నాకు నవ్వొచ్చింది. ఆంటీ దాని ముందునుంచి కదల్లేదు.

"వీళ్ళు ఓటు ఎందుకివ్వకూడదో ఎక్కడన్నా రాశారా?" అని అడిగారు.

"లేదాంటీ. ఎగతాళే."

"చెప్పడానికేం లేనివాడే ముక్కు పొడుగ్గా గీస్తాడు" అన్నారు. మళ్ళీ హాలంతా ఒకసారి చూసి, "ఈ దేశపు ఆదివాసుల ఆడవాళ్ళు ఒక్కరూ లేరేం ఈ బొమ్మల్లో?" అన్నారు. అక్కడున్న ఉద్యోగినిని అడిగాను. వాళ్ళకు ఓటు చాలా కాలం తరవాత గానీ రాలేదని చెప్పిందామె. ఆంటీ తల ఊపి, ముడిలోంచి పెన్సిల్ తీసి, నా చేతిలో ఉన్న పిల్లల నాపీల షాపు ప్రకటన తీసుకున్నారు.

మా సంఘం కుటుంబాల్లో ఎవ్వరూ మరిచిపోని తప్పు అప్పుడు జరిగింది. డైనింగ్ టేబుల్ మీద అత్తగారి బొమ్మ చూశారు అల్లుడు గారు. ఏప్రాన్‌లో మగాడు, చంకలో బిడ్డ, గుమ్మం దాటుతున్న భార్య. కింద తెలుగులో: 'ఓటిస్తే జరిగేది ఇదే.' ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. అత్తయ్య గారు దారికొచ్చారనుకున్నారు. అడక్కుండానే తీసుకుపోయి, ఆఫీసులో ఫోటోకాపీలు చేయించి, సభ నోటీసుతో పాటు ఇంటింటికీ పంపించేశారు.

నేను ఆ కవరు చించేసరికి మా వాడు చంకలో ఉన్నాడు. ఏప్రాన్ లేదు గానీ భుజం మీద తువ్వాలుంది. బొమ్మలో మొగుడికీ కళ్ళజోడే, వాడికీ నాలాగే నుదుటి దగ్గర జుట్టు పలచన. ఒళ్ళు మండిపోయింది. పిల్లాణ్ణి బండిలో వేసుకుని ఎండలో నడుచుకుంటూ వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను.

"నన్నే గీశారా ఆంటీ?"

"పొద్దుట్నుంచి వచ్చినవాడల్లా ఇదే అడుగుతున్నాడు. అందరికీ అవుననే చెప్పాను. లోపలికి రా, మజ్జిగ తాగు."

"నేను సరదాకి ఇంట్లో కూర్చున్నానా? లోకం నవ్వేలా గీస్తారా?"

ఆవిడ ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, "కోపం తరవాత. ముందు సరిగ్గా చూడు" అన్నారు.

చూశాను. ప్రదర్శనలో చూసిన బొమ్మ కాదిది. బిడ్డ ఏడవడం లేదు, మొగుడి భుజం మీద హాయిగా నిద్రపోతున్నాడు. గిన్నె పొంగలేదు. పిల్లి ఓ మూల పడుకుంది. ఇల్లు కడిగినట్టుంది. చెదిరిపోయింది ఆ మగాడి మొహం ఒక్కటే. ఏం మునిగిపోయిందని వాడలా బెంబేలెత్తుతున్నాడో బొమ్మంతా వెతికినా కనిపించదు. నేను మజ్జిగ తాగేశాను.

సాయంత్రానికి అల్లుడు గారికీ బొమ్మ అసలు సంగతి తెలిసింది. ఆ రోజు నుంచీ ఇంట్లో అత్తగారితో మాట్లాడటం మానేశారు. ఆవిడ కంచం ఆవిడ గదిలోకి తెచ్చుకునేవారు. "పంపించేస్తే తెనాలి వెళ్తాను. నాకేం బెంగ లేదు" అన్నారు నాతో. బెంగ ఉందని గొంతులో తెలుస్తూనే ఉంది.

సభకు రెండ్రోజుల ముందు ఆయన నాకు ఫోన్ చేశారు.

"గవర్నమెంటులో ఒక ప్రాజెక్ట్ వస్తోంది. నీ ప్రొఫైల్‌కి పర్ఫెక్ట్. వీసా పేపర్స్ మా కంపెనీయే చూసుకుంటుంది."

"చాలా థ్యాంక్స్ అండీ."

"సండే వస్తున్నావుగా? కొంచెం చూసుకో."

ఏం చూసుకోవాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా ఆవిడ షాపు నుంచి రాగానే చెప్పాను. ఆవిడ చెప్పులు విప్పుతూ వింది.

"నా కోసమని చెయ్యెత్తకండి. వీసా పోతే ముగ్గురం పోతాం" అంది.

"మరి నువ్వేమనుకుంటున్నావు?"

"నేననుకునేది లెక్కలోకి రాదు కదా. అదేగా గొడవ."

మా వాణ్ణి నా చంకలోంచి తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఉగాది సభ రోజు హాలంతా పులిహోర వాసన. ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్ళం, కిచెన్ గుమ్మంలో ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళు. మా వాడు నా భుజం మీద నిద్రపోయాడు. అల్లుడు గారు మైకు పట్టుకుని, రూలు మార్చొద్దన్నవాళ్ళను ముందు చేతులెత్తమన్నారు, తనూ ఎత్తారు. కార్యదర్శి లెక్కపెట్టి రాసుకున్నాడు. తరవాత మార్చాలన్నవాళ్ళు. బొమ్మ చూసి ఆంటీ తలుపు కొట్టినవాళ్ళలో నేను తప్ప అందరి చేతులూ లేచాయి. లెక్క సమానంగా వచ్చింది. సమానమైతే పాత రూలే ఉంటుంది. చెయ్యెత్తని ఇల్లు మాదొక్కటే.

నా రెండు చేతులూ పిల్లాడి కింద ఉన్నాయి. ఉన్నాయి సరే, ఒకటి తీయలేనా? ప్రాజెక్టు, వీసా, మూడు టిక్కెట్లు, అన్నీ ఆ రెండు చేతుల్నీ పట్టుకుని కూర్చున్నాయి. అప్పుడు కిచెన్ గుమ్మంలో ఒక చెయ్యి లేచింది. పసుపంటిన చెయ్యి. మా ఆవిడది.

"మీ చెయ్యి లెక్కకి రాదమ్మా. ఇంటి పెద్ద ఎత్తాలి" అన్నారు అల్లుడు గారు మైకులోనే.

ఆంటీ ముందుకొచ్చారు. "ఆయన చేతులు ఖాళీ లేవండీ. ఒక ఇల్లు, ఒక చెయ్యి. రూలు తప్పలేదుగా."

"రూల్ ఈజ్ రూల్ అత్తయ్య గారూ." చాలా రోజులకు ఆవిడతో ఆయన అన్న మొదటి మాట అది. తరవాత నావైపు తిరిగారు. "ఏం? ఎత్తుతావా?"

గొంతు మర్యాదగానే ఉంది. నేను మా ఆవిణ్ణి చూశాను. ఆ చెయ్యి ఇంకా దించలేదు. లేచాను. కుర్చీల మధ్యనుంచి మైకు దాకా నడిచాను.

"ఒక్క నిమిషం వీణ్ణి పట్టుకోండి సార్."

ఇద్దరు పిల్లల తండ్రి ఆయన. ఎదుటివాడు బిడ్డను చాపితే ఆలోచించకుండా చేతులు వాటంతటవే వచ్చాయి. మైకు బల్ల మీద పడి దబ్బుమంది. నేను చెయ్యెత్తాను.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత హాలంతా నవ్వింది. అధ్యక్షుల వారు కళ్ళజోడు జారిపోతుండగా, చంకలో బిడ్డతో, చెదిరిన మొహంతో నిలబడి ఉన్నారు. కార్యదర్శి నవ్వాపుకుంటూ మా ఇంటిని లెక్కలో కలిపాడు.

ఆ ప్రాజెక్టు నాకు రాలేదు. నేనూ అడగలేదు. టైల్స్ షాపు యజమాని మా ఆవిడకు వీసా పూచీ పడ్డాడు, ఆవిడ వీసా మీద డిపెండెంటుగా నేను ఈ దేశంలో ఉండిపోయాను. అల్లుడు గారు తరవాత మరో రెండేళ్ళు అధ్యక్షుడిగా చేశారు, ఆడవాళ్ళూ ఓటేశారు. ఆ రోజు ఆయన నిలబడ్డ తీరు ఎందుకు గీయలేదని ఒకసారి ఆంటీని అడిగాను. "ఒకే ఇంట్లో ఉంటాం కదా నాయనా. పొద్దున లేస్తే మొహమొహాలు చూసుకోవాలి" అన్నారు. చివరిదాకా ఆ బొమ్మ గీయలేదు. ఎవరన్నా ఆ సంగతెత్తి ఆయన్ని ఆటపట్టిస్తే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. దాని గురించి నేనిలా రాయడం కూడా ఆవిడకు నచ్చేది కాదేమో. కానీ ఆ రోజు నవ్వు ఆగాక జరిగింది మాత్రం చాలామంది చూడలేదు, కంచాల దగ్గరికి పరిగెత్తారు.

పిల్లాణ్ణి తీసుకుందామని వెళ్ళాను. వాడు ఆయన కాలరు గుప్పెట్లో పట్టుకుని మంచి నిద్రలో ఉన్నాడు. "లేపకు. పడుకోనీ" అన్నారాయన, నన్ను చూడకుండా. ఒక మూల కుర్చీలో కూర్చుని వీపు నిమురుతున్నారు. అందరూ తింటున్నారు. ఆంటీ పులిహోర కంచం పట్టుకుని ఆయన దగ్గరికెళ్ళారు. కూర్చోలేదు, ఎదురుగా నిలబడ్డారు. చెంచాతో కొంచెం తీసి, వేరుశనగ గుళ్ళు రాలిపోకుండా కింద అరచెయ్యి పట్టి, ఆయన నోటి దగ్గర పెట్టారు. ఆయన తల దించుకునే ఉన్నారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాలాసేపటికి ఆయన నోరు తెరిచారు.