ట్యాంకు ఆగాకే కొట్టాలి

నార్త్ కరోలినాలోని మా మోరిస్‌విల్‌లో పద్మనాభం గారి కార్ ఒకసారి ఎక్కినవాళ్ళు రెండోసారి ఎక్కడానికి కాస్త ఆలోచిస్తారు. స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆపి, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టి, ఆ తర్వాతే కదులుతారాయన. వెనక ఎవడైనా హారన్ కొడితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. డాక్టరైన అక్కగారు స్పాన్సర్ చేస్తే ఈ దేశం వచ్చి, ఇరవై రెండేళ్ళు స్కూల్ బస్ నడిపి రిటైరయ్యారు. అంతకుముందు, డెబ్భై ఒకటి యుద్ధంలో, ట్యాంకు నడిపారు. ఆ యుద్ధం గురించి ఎవరడిగినా "డ్రైవింగే కదా" అని ఊరుకునేవారు.

నేను అడిగింది దేశభక్తితో కాదు. వారమంతా ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసి, వీకెండ్‌లో ట్యాంకుల గేమ్ ఆడతాను. అందులో బండి పరిగెడుతుండగా కొట్టినా పదింటికి ఎనిమిది తగులుతాయి. అప్పటి యుద్ధాల్లోనూ అలాగే తగిలేవని ఆన్‌లైన్‌లో ఒకడు, తగిలేవి కావని నేను, మూడు వారాలుగా కొట్టుకుంటున్నాం. ముప్పై నాలుగేళ్ళవాడు చేయవలసిన పని కాదని నాకూ తెలుసు. ఒకరోజు కూరగాయలకని ఆయనతో పక్క ఊరు క్యారీకి వెళ్తూ కార్‌లో అడిగేశాను.

"అంకుల్, ట్యాంక్ మూవ్ అవుతున్నప్పుడు ఫైర్ చేస్తే టార్గెట్‌కి తగిలేదా?"

"మా కాలం బండ్లలో తగిలేది కాదు తేజా. గతుకొస్తే గొట్టం లేస్తుంది, దిగుతుంది. గొట్టం చివర వేలి మందం లేచిందంటే, ఎనిమిది వందల గజాల అవతల గుండు మనిషి నెత్తి మీంచి పోతుంది. ఆ ఊగుడు తగ్గించడానికి కొన్ని బండ్లలో యంత్రం పెట్టారులే. పెట్టినా అంతంతమాత్రమే. అందుకే డ్రైవర్ ఆపాలి, గన్నర్ కొట్టాలి, డ్రైవర్ కదలాలి. ఆ ఆగిన నాలుగు సెకన్లూ అవతలోడికి మనమే టార్గెట్."

"సో ఆగాకే కొట్టాలి. నేను గెలిచాను అంకుల్!"

ఆయన స్టాప్ సైన్ దగ్గర ఆపారు. లెక్కపెట్టలేదు. "ఒకసారి నేను సరిగ్గా ఆగలేదు," అన్నారు.

చెరుకు తోట పక్కన శత్రువు ఫిరంగి కనబడిందట. కమాండర్ ఆపమంటే ఆపారు. లోపల సూర్యప్రకాశ్ అనే గన్నర్ గురి చూస్తున్నాడు. ఈయనకి భయమేసి, అతను కొట్టే లోపలే క్లచ్ వదిలేశారు. అర సెకను తేడా. గుండు వెళ్ళిన కుదుపులో ఆ కుదుపు కలిసిపోయి ఎవరికీ తెలియలేదు. గుండు పక్కకు పోయింది. ఫిరంగి తిరిగి కొడితే వీళ్ళ ఎడమ పక్కనున్న మన బండి కాలిపోయింది, అందులో ఇద్దరు చనిపోయారు. సూర్యప్రకాశ్ తన గురే తప్పిందనుకుని, గన్నర్ పని తనంతట తానే వదులుకుని సామాన్లిచ్చే స్టోర్స్‌కి మారిపోయాడట.

"ఇప్పుడు ఈ దేశంలోనే, పార్సిప్పనీలో కూతురి దగ్గర ఉంటున్నాడు. మొన్న కంటి ఆపరేషన్ అయింది. ఫోన్ చేసి, 'ఈ చూపు అప్పుడుంటే ఆ ఇద్దరూ బతికేవాళ్ళురా' అన్నాడు. యాభై నాలుగేళ్ళయింది తేజా. శనివారం మా ఇంటికి వస్తున్నాడు. చెప్పేస్తాను. నువ్వు కూడా రా. నువ్వుంటే తప్పించుకోలేను."

గెలిచానని ఎగిరినందుకు నాకు సిగ్గేసింది.

శనివారం వెళ్ళాను. తప్పించుకోవడానికి నేను అడ్డమే కాలేదు. పప్పు దగ్గర పద్మనాభం గారు నార్త్ కరోలినా వానల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. వంకాయ కూర దగ్గర, ఇంటి గట్టర్లు ఎవరు బాగా క్లీన్ చేస్తారన్నది పావుగంట. ఈ చర్చ యుద్ధంకంటే ఎక్కువసేపు సాగేలా ఉంది. సూర్యప్రకాశ్ గారు సన్నగా, పొడుగ్గా, అన్నిటికీ తలాడిస్తూ తింటున్నారు. పద్మనాభం గారి భార్య హైమ ఆంటీ పెరుగు వడ్డించేశారు. ఇంకో అయిదు నిమిషాల్లో చేతులు కడిగేస్తారు. నాకు ఒళ్ళు మండింది.

"సూర్యప్రకాశ్ అంకుల్, ట్యాంక్ కదులుతూ కొడితే తగిలేదా?"

ఆయన నవ్వారు. "ఎక్కడ తగిలేది బాబూ. ఆగి కొట్టినా నాకు తగల్లేదు."

"ఆగలేదురా," అన్నారు పద్మనాభం గారు, కంచంలోకి చూస్తూ.

"ఏంటి?"

"బండి. నువ్వు కొట్టే లోపలే క్లచ్ వదిలేశాను. భయమేసింది."

సూర్యప్రకాశ్ గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఎంత కదిలింది?"

"అడుగు. అడుగున్నర ఉంటుందేమో."

"చాలు," అన్నారాయన. ముద్ద కంచంలో పెట్టేశారు. "మళ్ళీ చెప్పు."

పద్మనాభం గారు మళ్ళీ చెప్పారు. మూడోసారి కూడా చెప్పించుకున్నారాయన. మూడోసారికి పద్మనాభం గారు ఏడ్చేశారు. "నాలుగు తిట్టరా," అన్నారు. డెబ్భై అయిదేళ్ళ మనిషి అలా ఏడవడం నేను చూడలేకపోయాను.

"నిన్ను తిట్టి ఏం చేస్తానురా," అన్నారు సూర్యప్రకాశ్ గారు. "జ్ఞానప్రసూన ఉంటే బాగుండేది."

జ్ఞానప్రసూన గారు ఆయన భార్య. పోయినేడాది పోయారు.

"నేను ఆ సంగతి తలుచుకుని కూర్చున్నప్పుడల్లా, 'బండి కదిలిందేమోనండీ' అనేది. తనకేం తెలుసు పాపం, నన్ను ఓదార్చడానికి అనేది. నేను కసురుకునేవాణ్ణి. నా తప్పు తీసి వాడి నెత్తిన పెడతావా, పద్మనాభం సీట్లో ఉంటే బండి కదలదు, అని. ఒకసారి ఆ మాట అన్నందుకు రెండు రోజులు తనతో మాట్లాడలేదు."