చెవిలో మాట్లాడిన అవ్వ

మొయినాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక గది కిరాయికి తీసుకున్న రోజులవి. ఆదివారమొస్తే పలకరించే దిక్కుండేది కాదు. చేవెళ్లలో ఊరివాళ్లే తమ గల్లీల కథలు రికార్డు చేసి, నడుస్తూ ఫోన్‌లో వినేలా పెట్టారని తెలిసి, ఒక ఆదివారం బస్సెక్కాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక అవ్వ గొంతు చెప్పిన దారినే నడిచాను.

“గీడ మా అత్త జొన్నలు ఆరవోసేది. దూపైతే మా అరుగు మీద కూసో బిడ్డా, నీళ్లిస్త” అంది ఆ గొంతు. నన్నెవరైనా బిడ్డా అని ఎన్నాళ్లయిందో! అక్కడే నిలబడి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను.

ఎదురుగా అరుగు మీదున్న ముసలామె నాతో ఏదో అంటోంది. “జర ఆగవ్వా, ఇంటున్న!” అని విసుక్కుని సౌండ్ పెంచాను.

ఆమె లేచి వచ్చి నా చేతిలో నీళ్ల చెంబు పెట్టింది. ఇయర్‌ఫోన్లు తీశాను. అదే గొంతు!

“అవి నా మాటలే బిడ్డా. గిట్లనే అందరు నన్ను ఇనుకుంట నా ముంగటికెల్లే పోతరు. నీళ్లు కావాల్నా అంటే ఒక్కరు పలుకరు.”

పలకరించేవాళ్లు లేరని కుమిలిపోయిన నేనే, పలకరించిన మనిషిని కసిరాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.