దమ్ము పోటీకి రూలు పెట్టిన మనిషి

మా పెదనాన్న పోయాడని ఆయన కోడలు, మా వదిన, ఫోన్ చేసేసరికి ఆదివారం సాయంత్రం, టీవీలో కార్ల రేసు మొదలయ్యే వేళ. బండ్లు వరసలో నిలబడుతుంటే సౌండు పెంచమని పెద్దమ్మతో అన్నాడట. ఆమె పెంచి, వంటింట్లోంచి టీ తెచ్చేసరికి కుర్చీలో అలాగే తల వాల్చి ఉన్నాడు. మా ఇల్లు పక్క వీధిలోనే. పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఇంటినిండా మనుషులు, ఏడుపులు. టీవీ కట్టేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ నా చేయి పట్టుకుని కళ్లు తుడుచుకోకుండానే అంది: "ఎవురు ముందరుండారో సూసి పెట్టుకో పాపా. మీ పెదనాన్న అడుగుతాడు."

నేను చూశాను. నారింజ రంగు బండి ముందుంది. ఏడుస్తూనే ఆయన చెవి దగ్గర ఆ మాట చెప్పాను కూడా. చావింట్లో ఇదేం పని అని మీరు అనుకోవచ్చు. మా ఇద్దరి మధ్య నడిచిన మాటల్లో సగం అలాంటివే, చివరి మాట మాత్రం వేరేగా ఎందుకుండాలి?

సిరుగుప్ప వైపు, దేశనూరుకు దగ్గర్లో కాలువ నీళ్ల మీద వరి పండించే వలస రైతుల క్యాంపు మాది. మా తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నప్పుడు పెదనాన్న చంకలో బిడ్డ. అందుకే మనిషి కోస్తా, మాట పూర్తిగా బళ్లారి. పెళ్లిళ్లకు వచ్చే కోస్తా చుట్టాలు ఆయన నోరు తెరిస్తే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

కార్ల రేసులంటే ఆయనకు పిచ్చి. డ్రైవర్ల పేర్లకు నోరు తిరగక రంగులతో పిలిచేవాడు. ఎర్రది, వెండిది, నారింజది, అంతే. ఇంగ్లీషు వ్యాఖ్యానం నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. బడికి వెళ్లే రోజుల్లో మొదలైన ఆ ఉద్యోగం మొన్నటిదాకా నడిచింది. నిజానికి ఆయనకు రేసు మీదకన్నా రూళ్ల మీద మక్కువ. కొత్త సీజన్ వస్తోందంటే చాలు, నన్ను పిలిపించి, సాసర్లో టీ పోసుకుని, "ఈ తూరి ఏం మార్చినారంట?" అని అడిగేవాడు. రేసు మధ్యలో పెట్రోలు పోసుకోవడం మాన్పించారని చెబితే అలిగి అన్నం మానేశాడు. ముందున్న బండికి బాగా దగ్గరగా వచ్చినవాడికి వెనకరెక్క తెరుచుకుని వేగం పెరుగుతుందన్న రూలు వచ్చినప్పుడైతే తిట్టని తిట్టు లేదు.

"ఇది దొంగాట. ముందరుండేవోడు ఏం పాపం చేసినాడని?" అన్నాడు. సీజన్ సగమయ్యేసరికి, ఆ రెక్క తెరుచుకున్నప్పుడల్లా ఆయన కుర్చీ అంచుకు జరిగి కూర్చోవడం చూసి నేను నవ్వాను. "దొంగాటే. కానీ మజా ఉండాది" అన్నాడు.

మా దమ్ము పోటీ సంగతి కూడా మీకు చెప్పాలి. కాలువకు నీళ్లు వదిలాక, నాట్లకు ముందు, మడిలో నీరు నిలిపి, ట్రాక్టరుకు ఇనుప పట్టీల చక్రాలు తగిలించి బురద తొక్కిస్తాం. దాన్నే దమ్ము చేయడం అంటారు. ఆ పని ఊపందుకోక ముందు ఒక ఆదివారం, దమ్ము చేసిన పెద్ద మడిలో ట్రాక్టర్ల పోటీ పెట్టుకుంటాం. మూలలు కోయకుండా, గట్టు వెంబడే రెండు చుట్లు. గెలిచినవాళ్లకు ఒక తలపాగా, ఏడాదికి సరిపడా గొప్ప. పెద్దమ్మ గట్టు మీద పందిరి కింద పొయ్యి పెట్టి వగ్గాణి, మిరపకాయ బజ్జీలు చేస్తుంది. బొరుగులకు తాలింపు పెట్టిన ఆ వగ్గాణి లేకపోతే మా వైపు జనం కదలరు.

వయసులో ఉండగా ఆ పోటీ పెదనాన్నది. ఎవరు వచ్చినా రెండో స్థానం కోసమే వచ్చేవారు. ఏడాదికేడాది జనం పలచబడ్డారు. ఒక ఏడు గెలిచి గట్టెక్కి చూస్తే చప్పట్లు కొట్టడానికి పెద్దమ్మ ఒక్కతే మిగిలిందట, తక్కినవాళ్లు బజ్జీలు తిని ఇళ్లకు పోయారు. టీవీలోనూ ఆ రోజుల్లో ఎర్ర బండి తప్ప ఇంకోటి గెలిచేది కాదు. ఎర్రదంటే ఆయనకు ప్రాణం. అయినా రేసు సగంలో లేచి గేదెలకు నీళ్లు పెట్టడానికి పోయేవాడు.

"ఏంది పెదనాన్నా, గెలిచేది నీ బండే కదా?" అని అడిగాను.

"అదే కదా" అన్నాడు.

ఆ తర్వాతి ఏడు టైర్ల రూలు మార్చారు. ఎర్రది వెనకబడింది. ఆయన బాధపడుతూ, తిట్టుకుంటూ, ఒక్క రేసు కూడా వదలకుండా చూశాడు. ఆ ఏడే దమ్ము పోటీ పొద్దున ట్రాలీ ఎక్కి నిలబడి అందరికీ చెప్పాడు: "ఈ పొద్దు నుంచి పోటీకి రూళ్లుంటాయప్పా. రూలు నేను పెడతా. రూలు పెట్టేవోడు బండి ఎక్కగూడదు, ఇదే మొదటి రూలు."

అలా బండి దిగిపోయాడు. అప్పటినుంచి పెద్దమ్మ మడివైపు వీపు పెట్టి బజ్జీలు వేసేది. చూడు పెద్దమ్మా అంటే, "ఆయన లేని పోటీలో సూసేకి ఏముండాది? నూనె కాగతాండాది, పో" అనేది.

ప్రతి ఏడూ ఒక కొత్త రూలు, అదీ పోటీ పొద్దునే చెప్పేవాడు. ముందు చెబితే అందరూ ఇంట్లో సాధన చేసుకుని వస్తారని ఆయన అనుమానం. రూలు మంచిదో కాదో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "గట్టు మీద కూకున్నోళ్లు లేసి నిలబడాల పాపా. అంతే" అన్నాడు.

అన్నీ మంచి రూళ్లని నేను చెప్పను. టీవీలో బండ్లు మధ్యలో ఆగి చక్రాలు మార్చుకోవడం చూసి, మా పోటీలోనూ మొదటి చుట్టు కాగానే ప్రతి బండీ ఆగాలన్నాడు. డ్రైవరు దిగి, గట్టు మీద గ్లాసుడు మజ్జిగ తాగి, మళ్లీ ఎక్కాలి. దమ్ము చేసిన మడిలో ఆగిన ట్రాక్టరు ఏమవుతుందో, పుట్టిన దగ్గర్నుంచి వరి తప్ప వేరే పంట ఎరగని మా క్యాంపులో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. టీవీ చూసి చూసి మా చక్రాల కింద కూడా తారు రోడ్డు ఉందనుకున్నాం. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని చూస్తే బండ్లన్నీ ఇరుసుల దాకా దిగిపోయి ఉన్నాయి. దేశనూరు నుంచి ఏటా పోటీకి వచ్చే మల్లప్ప తన ఇంటికి మనిషిని పంపి, ఎద్దులను తెప్పించి, ఒక్కొక్క బండినీ లాగించాడు. జనం నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డారు. పెదనాన్న ఏమాత్రం తొణకలేదు. గెలిచింది ఎద్దులేనని చెప్పి తలపాగా తీసుకెళ్లి ఎద్దు కొమ్ములకు చుట్టాడు. మరుసటి ఏడు గట్టు మీద నిలబడేందుకు చోటు లేదు.

ఇక నా సంగతి. మా నాన్న పొలం నేనే చూసుకుంటాను, ట్రాక్టరు నేనే తోలుతాను. దమ్ము పోటీలో దిగిన మొదటి ఆడదాన్ని నేనే. దిగిన దగ్గర్నుంచి గెలుస్తూనే వచ్చాను, గొప్పలు చెప్పుకుంటున్నానని మీరు అనుకున్నా సరే. ఒక పొద్దున ఆయన ట్రాలీ ఎక్కి, "పోయిన ఏడు గెల్సినోళ్లు ఈ తూరి అందరికన్నా ఎనక నిలబడాల" అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సొంత తమ్ముడి కూతురి మీద రూలు పెడతావా?" అని అందరి ముందే అడిగాను.

"సొంతోళ్ల మీద పెట్టకుంటే అది రూలు ఎట్ల అయితాది పాపా?" అన్నాడు నెమ్మదిగా.

ఆ కోపంలో తోలిన తోలుడు నేను మళ్లీ ఎప్పుడూ తోలలేదు. బురద కళ్లలోకి, నోట్లోకి కొడుతుంటే ఒక్కొక్క బండినీ దాటుకుంటూ వెళ్లాను. ఆఖరి మలుపులో మల్లప్ప పక్కకు చేరేసరికి గట్టంతా నా పేరు పెట్టి అరుస్తోంది. మల్లప్పే గెలిచాడు. నేను దిగి, పెదనాన్న మొహం చూడకుండా పోబోతుంటే చేయి పట్టుకుని ఆపాడు. "ఇన్నేండ్లు గెల్సినావు. ఒక్కనాడన్నా నీ పేరు పిల్సినారా వీళ్లు? ఈ పొద్దు ఇన్నావా?" అన్నాడు. విన్నాను. ఆ రూలు తప్పని ఇప్పటికీ వాదిస్తాను. ఆ అరుపు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది, తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఈ ఏడు కార్ల రేసుల్లో రూళ్లన్నీ తిరగరాశారు. బండ్లు చిన్నవయ్యాయి, బలంలో దాదాపు సగం బ్యాటరీది. దగ్గరకొస్తే రెక్క తెరిచే పాత రూలు పోయి, వెనకనుంచి దగ్గరకొచ్చినవాడికి బ్యాటరీలోంచి అదనపు బలం ఇచ్చే రూలు వచ్చింది. మొదటి రేసు చూస్తూ పెదనాన్న విసుక్కున్నాడు. "ఇవి బండ్లా సెల్ ఫోన్లా? పొయ్యేది కొంచెం, ఛార్జింగ్ పెట్టుకునేది కొంచెం." కాసేపటికి ఆ అదనపు బలంతో ఒక బండి ముందుకు దూకింది. ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. "రూలు మార్చేది ముందరుండేవోన్ని దించనీకి కాదు పాపా, ఎనకుండేవోనికి ఆశ పుట్టనీకి" అన్నాడు. ఈసారి దమ్ము పోటీకి దీంట్లోంచి ఏదో లాగుతావని నేనన్నాను. ఆయన నవ్వి టీ ఊదుకున్నాడు. ఏం లాగాలనుకున్నాడో ఎవరికీ చెప్పకుండా పోయాడు.

కాలువకు నీళ్లు వదలగానే క్యాంపువాళ్లతో కలిసి మల్లప్ప మా ఇంటికి వచ్చాడు. "ఈ తూరి రూలు నువ్వే చెప్పాలమ్మా. ఆయప్పకి ఆ టీవీ మాటలన్నీ చెప్పినది నువ్వే గదా" అన్నాడు. రూలు పెట్టేవాళ్లు బండి ఎక్కకూడదు. పోయిన ఏడు తలపాగా మల్లప్పది, ఈ ఏడు దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని నేను ఎప్పుడో చక్రాలకు గ్రీజు పెట్టుకుని కూర్చున్నాను.

"నేను బండి దిగను. వేరేవాళ్లను చూసుకోండి" అన్నాను.

"వేరే ఎవురుండారు? నువ్వు చెప్పకుంటే పోటీ ఇంతటితో సరి" అన్నాడు మల్లప్ప, బాధగానే.

ఆ ఆదివారం రేసు వేళకు పెద్దమ్మ కబురు పెట్టింది. వెళ్లేసరికి టీవీ పెట్టి ఉంది, సౌండు పెంచి ఉంది. ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "ఈ తూరి ఏం మార్చినారంట?" అని అడిగింది. అచ్చం ఆయన అడిగినట్టే. నవ్వాలో ఏడవాలో తెలియక చెప్పడం మొదలుపెట్టాను. బ్యాటరీ సంగతి, వెనకవాడి బలం సంగతి చెబుతూ చెబుతూ, మా మడిలో దీన్ని ఎలా పెట్టొచ్చో కూడా పైకే అనేశాను. పెద్దమ్మ నా మొహం చూసింది.

"ఆయన బండి దిగిన పొద్దు ఇంటికొచ్చి ఏడ్సినాడు పాపా, ఎవురికీ తెలీదు. ఎద్దులకి తలపాగా సుట్టిన పొద్దు గూడా వచ్చి ఏడ్సినాడు. అది నవ్వి నవ్వి వచ్చిన ఏడుపు" అంది.

పోటీ పొద్దున నేను ట్రాలీ ఎక్కాను. నా ట్రాక్టరు తాళం వదిన చేతిలో పెట్టాను. అన్న కుడతినిలో కరెంటు ప్లాంటు ఉద్యోగానికి పోతే, పెదనాన్న పొలమంతా దున్నేది ఆమే. పోటీకి మాత్రం ఎప్పుడూ దిగలేదు. రూలు చెప్పాను: "మొదటి చుట్టు ముగిసేసరికి అందరికన్నా వెనకున్న బండి, రెండో చుట్టులో మూలలు కోసి లోపలి వైపు నుంచి మలుపులు తిరగచ్చు. ఆ ఒక్క బండే." పోయిన ఏడు గెలిచినందుకు, పెదనాన్న పెట్టిన రూలు ప్రకారం అందరికన్నా వెనక నిలబడుతూ మల్లప్ప నవ్వాడు. "ఆయప్ప మాదిరే చెప్తాండావమ్మా" అన్నాడు.

మొదటి చుట్టుకల్లా మల్లప్ప అందరినీ దాటేశాడు. ఆఖరున మిగిలింది వదిన. బండి మీద పెడళ్లు తొక్కాల్సిన కాళ్లు నావి, ఊరికే నిలబడలేక ట్రాలీనే తొక్కుతున్నాయి. వదిన లోపలి మలుపు పట్టింది. ఒక బండి దాటింది, ఇంకొకటి దాటింది. చీర బురద, మొహం బురద, పళ్లు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి, నవ్వుతోంది. మల్లప్ప ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, ఆ చూపులో భయం నాకు అంత దూరానికీ తెలిసింది. గట్టు మీద జనం ఒక్కొక్కరే లేస్తున్నారు. చక్రమంత తేడాతో మల్లప్పే గెలిచాడు, కానీ అది నేను తర్వాత ఎవరినో అడిగి తెలుసుకున్నాను.

ఎందుకంటే ఆ సమయానికి నేను పందిరివైపు చూస్తున్నాను. పెద్దమ్మ లేచి నిలబడి ఉంది. పొయ్యికి వీపు పెట్టి, మొహం మడివైపు తిప్పి, నూనె కారుతున్న జల్లిగంటెను చేత్తో పైకెత్తి పట్టుకుని, కోడలి పేరు పెట్టి అరుస్తోంది. ఆమె వెనకాల బాణలిలో బజ్జీలు నల్లగా మాడిపోతున్నాయి.