గ్వాడెలూప్ నుంచి వచ్చిన మా ఇంటిపేరు

మా తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరింది వాళ్ళ మామకి కొడుకుగా. రిటైరయ్యేవాళ్ళ కొడుకులకే ఆ ఉద్యోగం, అల్లుడని రాస్తే రాదు. మగపిల్లలు లేని ఆ మామ రిటైరవుతూ అల్లుణ్ణే కొడుకని కాగితాల్లో రాయించేశాడు. ఆ రోజుల్లో ఇక్కడి తెలుగువాళ్ళలో ఇది మా ఒక్క ఇంట్లో జరిగిన వింతేమీ కాదు. అలా తాత సొంత ఇంటిపేరు పోయింది, మామ్మ పుట్టింటి పేరు మాకు అంటుకుంది. తాత అసలు ఇంటిపేరు బయట ఎక్కడా అననని చిన్నప్పుడే నాచేత ఒట్టు వేయించుకున్నారు.

పోయిన చలికాలంలో న్యూ సెటిల్‌మెంట్ కాలనీలోని తెలుగు గుడి పూజారిగారు ఫోన్ చేశారు. "టీచరమ్మా, ఎవరో ఇదేసీ ఆవిడొచ్చినారు. ఆవిడ ఇంగ్లీషు నాకు బోధపడ్డం లేదు. ఓపాలి రండి" అన్నారు. నేను బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. మా ఝపటాపూర్ పేటలో టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి వెళ్ళాను.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఊరు గ్వాడెలూప్, అమెరికా పక్క సముద్రంలో ఫ్రెంచివాళ్ళ దీవి. నర్సుగా పనిచేసిందట. రంగు మాదే, ఇంటిపేరు మాత్రం ఫ్రెంచి దొరలది. ఆ పేరు తనకెలా వచ్చిందో తెలుసుకుందామని ఫ్రాన్సులో ఉన్న ఆ దొరల వారసులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఒక్కరూ పలకలేదు. చివరికి పాత రికార్డులు వెతికి తనే తేల్చుకుంది: చెరకు తోట దొర కొడుక్కి, తోటలో పనిచేసే ఒక కూలిపిల్లకి పుట్టినవాడు ఆవిడ తాత. ఆ పిల్ల తండ్రి చెరకు తోటల్లో కూలికని యానాం రేవులో ఓడెక్కిన తెలుగువాడు.

"దొరల పేరుతో నాకు పని లేదు. ఆ ఓడెక్కినాయన వాళ్ళు ఒక్కరు కనబడి, నువ్వు మా పిల్లవే అంటే చాలు" అంది.

ఓడ రికార్డు కాగితం నా చేతికిచ్చింది. అందులో ఆయన ఊరు చూద్దును కదా, శ్రీకాకుళం దగ్గర మా తాత పుట్టిన ఊరు. పక్కన మా అసలు ఇంటిపేరు. ఆ ఇంటివాళ్ళు రైలు పనికి ఖరగ్‌పూర్ పోయారని ఆ ఊళ్ళో ఎవరో చెబితే ఇంత దూరం వచ్చిందట. కాగితం చూసి పూజారిగారు, "ఆ ఇంటిపేరోళ్ళు ఈ ఊర్లో లేరమ్మా" అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఆ ముక్కే ఇంగ్లీషులో ఆవిడకి చెప్పాను.

ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్పాను. వాళ్ళబ్బాయికి రైల్వేలోనే ఉద్యోగం వచ్చింది, సర్టిఫికెట్ల పరిశీలన నడుస్తోంది.

"బుర్రుందా నీకు? తాత కాయితం అబద్దమని నలుగురికీ తెలిస్తే పిల్లోడి ఉజ్జోగం ఏటవుతాది?"

"మూడు తరాల కిందటి కాగితం ఎవడు చూస్తాడన్నయ్యా? ఆవిడ నర్సు, పోలీసు కాదు."

"సూడరని నువ్వు రాసిత్తావా?"

రాసివ్వలేకపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషి మా అన్నయ్య, చిన్నప్పటి నుంచీ అంతే. నేను అలా కాదనుకునేదాన్ని. ఆ పూట నాకూ భయం వేసింది. తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఆవిడ ప్రయాణం. వెళ్ళేముందు ఆ ఓడెక్కినాయన పేరున అర్చన చేయించుకుంటానని, తోడు రమ్మని నన్ను పిలిచింది. నాకు కాపలాగా అన్నయ్యా వచ్చాడు. పూజారిగారు అలవాటు కొద్దీ ముందు మా గోత్రం, మా పేర్లు చదివారు. అది తాత అసలు గోత్రమే. ఆఫీసులో ఇంటిపేరు మార్చుకున్నాడు గానీ దేవుడి ముందు అబద్ధమాడే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఆవిడ మా పక్కనే నిలబడి కళ్ళు మూసుకుని అంతా వింది.

"అమ్మగారి గోత్రం?" అన్నారు పూజారిగారు.

గోత్రమంటే ఏమిటో విడమర్చి చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నాకు తెలీదు. ఎలా తెలుస్తుంది?" అని నన్నే అడిగింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. నేను అర్చన పళ్ళెంలో పూలు సర్దాను. ఫ్రాన్సులో దొరలు నయం, వాళ్ళు జవాబివ్వకుండా ఊరుకున్నారంతే.

"తెలీపోతే పర్లేదమ్మా. తెలీనోళ్ళకి కాశ్యప గోత్రం సెప్తాం" అన్నారు పూజారిగారు.

మా గోత్రం అది కాదు. ఆవిడ ఆ మాటని రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. సంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇదేనా మాది?" అంది.

"అవును, ఇదే" అన్నాను.

"మా మనవలందరికీ నేర్పిస్తాను" అని, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.