మా నాన్నగారు రాసిన ఏడు

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. బలిఘట్టం రోడ్డులో బైకుల పందెం పెడుతున్నారంటే, నెల్లాళ్లు నా బండి ఇంజన్ విప్పి, హెడ్డు అరగదీసి, సైలెన్సర్ మార్చి స్పీడు పెంచాను. నాకిచ్చిన నంబరు ఏడు. చర్చిలో బోర్డు మీద కీర్తనల నంబర్లు తెలుగు అంకెల్లో రాసే మా నాన్నగారు, ఆ అలవాటు కొద్దీ బండి ముందు రేకు మీద కూడా తెలుగు అంకె ‘౭’ రాసేశారు.

గీత నేనే ముందు దాటాను. పక్కబండివాడు కాదని గొడవ పెడితే, ఫొటో స్టూడియో ఆయన గీత దగ్గర తీసిన ఫొటో తెప్పించారు. నాది ఎర్ర బండి, వాడిది ఆకుపచ్చది. నలుపు తెలుపు ఫొటోలో రెండూ ఒకే బూడిదరంగు! ముందున్న బండి మీద మాత్రం ౭ స్పష్టంగా ఉంది.

“ఇదేటి, ముగ్గేసినట్టుంది?” అన్నారు పందెం జడ్జి గారు.

“ఏడండీ బాబూ! తెలుగు ఏడు!” అని అరిచాను.

“నువ్వు సెప్తే సరిపోద్దేటి? నంబరు లేని బండి లెక్కలోకి రాదు” అని కప్పు వాడి చేతిలో పెట్టారు.

ఒళ్లు మండి ఆ రేకు పీకి షెడ్డు తలుపుకి కొట్టాను. తెలుగు అంకె చదవడం రాని తెలుగువాళ్లని ఏళ్ల తరబడి తిట్టాను.

ఇరవై ఏళ్ల తర్వాత, హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి ఆ రేకు చూపించి, “ఆ గీతలేటి నాన్నా?” అంది.

ఈసారి తిట్టడానికి జడ్జి గారు దొరకలేదు.